మా ఇంటి మసిగుడ్డ

మా గుమ్మం మీద ఆ పెట్టె బిగించడానికి వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చింది నేనే. ఎండన పడి వచ్చారు పాపం అనుకున్నాను. ఇవ్వకపోతే ఏమనుకుంటారో అని కూడా అనుకున్నాను. ఈ అపార్ట్‌మెంట్లో నేను చేసిన ప్రతి మంచి పనికీ ఇలాంటి రెండో కారణం ఒకటి ఉంటుంది.

పెట్టె స్విచ్‌బోర్డంత ఉంది. ముందు జల్లెడలాంటి మూత, దాని కింద చిన్న దీపం. పేరు ‘పొందిక’ట. బిగించినతను మీట నొక్కగానే అది సన్నగా గాలి పీల్చుకుంది. జలుబు చేసిన మనిషి ముక్కు ఎగబీల్చినట్టే వినిపించింది. కడుపులో బిడ్డ కదిలింది. అప్పటికి నాకు ఐదో నెల. దీపం కాసేపు ఆలోచించి పచ్చగా వెలిగింది. మేడమ్, ఈ అంతస్తులో మొదటి పచ్చ మీదే అని అతను మెచ్చుకుంటే నేను నవ్వాను. భయమేసినప్పుడు నవ్వడం నాకు బాగా అలవాటు.

కొన్నేళ్ల కిందట చట్టం వచ్చింది. ఇల్లు అమ్మేవాళ్లూ అద్దెకిచ్చేవాళ్లూ ఎదుటివాళ్ల కులం, మతం, తిండి అడగకూడదు. అడిగితే జరిమానా, మళ్లీ అడిగితే జైలు. ఆ రోజు మా ఆయనా నేనూ సముద్రం ఒడ్డున కూచుని ఐస్‌క్రీమ్ తిన్నాం. మర్నాటి నుంచి నిజంగానే ఎవరూ అడగలేదు. ఏడాది తిరక్కుండా పొందిక వచ్చింది. అది ఎవరినీ ఏమీ అడగదు. వాసన చూస్తుంది. అడిగితే నేరం, వాసన చూస్తే కాదట. మన విశాఖపట్నంలోనే తయారైందని అందరూ గొప్పగా చెప్పుకున్నారు.

ఏ ఇంటి గోడలైనా ఆ ఇంట్లో వండినదంతా దాచుకుంటాయి. నూనె పొగ, తాలింపు, పులుసు ఆవిరి అన్నీ సున్నంలోకి దిగిపోయి ఏళ్ల తరబడి ఉంటాయి. పొందిక ఆ గాలిని పీల్చి, ల్యాబులో ఉన్న ‘నమూనా ఇంటి’ గాలితో పోల్చి చూస్తుంది. దగ్గరగా ఉంటే పచ్చ, తేడా ఉంటే పసుపు, బాగా తేడా ఉంటే ఎరుపు. కొత్తగా ఇల్లు వెతుక్కునేవాళ్లు గోడలు మోసుకురాలేరు గనక వంటింటి మసిగుడ్డ తెచ్చి బ్రోకరు చేతిలో పెట్టాలి. వేడి గిన్నెలు దింపే గుడ్డలో ఇంటి వంటంతా ఉంటుంది మరి. అడ్వాన్సు తెచ్చారా, మసిగుడ్డ తెచ్చారా అని అడగడం ఊళ్లో మామూలు మాటైపోయింది.

ఈ యంత్రం పుట్టిన ల్యాబులోనే మా ఆయన పని. ఆఫీసులో దినకర్. చర్చిలో పెట్టిన పేరు దైవదీనం. నేను ఇక్కడ సులోచనని, మా అమ్మకి సలోమిని. మేం మాలలం. ఆ మాట ఈ ఇంట్లో మేమిద్దరం కూడా పైకి అనుకోం.

ఎందుకింత పిరికితనం అనేవాళ్లకు ఒకటే చెప్తాను. ఇంతకుముందు ఉన్న ఇంటివాళ్లు మా సంగతి తెలిసి ఖాళీ చెయ్యమన్నప్పుడు నాకు నాలుగో నెల. బయట జోరున వాన. సామాను రోడ్డు మీద తడుస్తోంది. బియ్యం డబ్బా ఎత్తబోయి మెట్ల మీద జారాను. ఆ బిడ్డ నిలవలేదు. ఈ ఫ్లాటుకి వచ్చిన రోజే ఒట్టు పెట్టుకున్నాం, ఇక ఈ గుమ్మంలోంచి మమ్మల్ని ఎవరూ పొమ్మనకూడదని. అందుకోసం నీసు మానేశాం. గుడ్డు మానేశాం. తరవాత వెల్లుల్లి, మసాలా, చివరికి గట్టి తాలింపు కూడా మానేశాం. ఉడికించిన కూర, పల్చటి చారు, పెరుగు. రోజూ గట్టు నిమ్మచెక్కతో తోమేదాన్ని. ఇంట్లో మనుషులున్నారా అన్నట్టు ఉండేది.

అలాంటి ఇంట్లో నాకు ఎండు చేపల మీద, అందులోనూ నెత్తళ్ల మీద పడింది మనసు.

మామూలు కోరిక కాదు. చింతకాయ వేసి, పచ్చిమిరపకాయలు చీల్చి, మా అమ్మ చేసే నెత్తళ్ల పులుసు. పొద్దున లేస్తూనే నోట్లో నీళ్లూరేవి. బయట తిని రావచ్చుగా అని మా ఆయనే ఒకరోజు ఊరి అవతల హోటలుకి తీసుకెళ్లాడు. రెండు ముద్దలు తిన్నాను. తిరిగొస్తుంటే లిఫ్టులో కూడా పెట్టె ఉందని గుర్తొచ్చింది. వేరే చీర కట్టుకున్నాను, పళ్లు తోముకున్నాను, సోంపు నమిలాను. అయినా గేటు కనిపించేసరికి భయంతో తిన్నదంతా రోడ్డు పక్కన కక్కేశాను. ఆ తరవాత మళ్లీ వెళ్లలేదు.

ఎదురు ఫ్లాటులో కామేశ్వరి పిన్నిగారు ఉంటారు. తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాడు, పిల్లల్లేరు, పెన్షను మీద ఒక్కరే అద్దెకుంటారు. నేను కడుపుతో ఉన్నానని తెలిసినప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి గిన్నెలో పెట్టుకొచ్చేవారు. నిజంగా మంచి మనిషి. కాకపోతే చట్టం వచ్చాక అందరూ నేర్చుకున్న పద్ధతే ఆవిడా నేర్చుకున్నారు. మీ వైపు సీమంతానికి ఏం పిండివంట చేస్తారు, మీ వైపు పురుడు ఎన్ని రోజులు పాటిస్తారు అని పక్కదారిన అడిగేవారు. నేను ఆఫీసులో మా ఆయన విన్న సమాధానాలు ఒప్పజెప్పేదాన్ని. ఏం తినాలనుందో దాచకు, కడుపుతో ఉన్నదాని కోరిక తీరాలి అన్నారొకసారి. కాకరకాయ పులుసండీ అన్నాను. పాపం, చేసి తెచ్చారు. కళ్లలో నీళ్లు వస్తుంటే కారం ఎక్కువైందనుకున్నారు.

పెట్టెలు వచ్చిన రెండో నెల నుంచి దీపాలు మారడం మొదలైంది. మూడో అంతస్తులో పసుపు, మా అంతస్తులో నాలుగిళ్లు పసుపు. తరతరాలుగా ముక్క ముట్టని ఇళ్లు కూడా పసుపే. ఎవరికీ అర్థం కాలేదు. అసోసియేషన్ వాళ్లు మాత్రం యంత్రానికి పక్షపాతం ఉండదని తేల్చేశారు. వరసగా మూడుసార్లు పసుపొస్తే ఓనరు ఖాళీ చేయించుకోవచ్చు, అమ్మబోతే ధర పడిపోతుంది. జనం ఇంగువ మానేశారు. పోపు మానేశారు. ఆవకాయ జాడీలు చుట్టాలిళ్లకి చేరాయి. సాయంత్రం కారిడార్లో నడుస్తుంటే ఒక్క ఇంట్లోంచి కూడా వంట వాసన వచ్చేది కాదు. అందరూ మెల్లగా మాట్లాడేవారు. అందరి ఇళ్లూ మా ఇంటిలా తయారవుతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన నన్ను ల్యాబుకి తీసుకెళ్లాడు. ముఖం పాలిపోయి ఉంది. నీకొకటి చూపించాలి, ఇంట్లో చెప్పలేను అన్నాడు.

లోపల పొడవాటి బల్ల మీద గాజు సీసాలు. ఒక్కోదాంట్లో ఒక్కో మసిగుడ్డ, మూతకి రబ్బరు గొట్టం. గొట్టాలన్నీ పెద్ద పొందికలోకి పోతున్నాయి. మా ఆయన ఒక సీసా తగిలించాడు. ఇది మా సారు డాక్టర్ శేషశాయి గారింటిది అన్నాడు. పసుపు. ఇంకోటి తగిలించాడు, అసోసియేషన్ ప్రెసిడెంటుదట. పసుపే. షాపులో కొన్న కొత్త గుడ్డ పెట్టాడు. ఎర్రగా వెలిగింది.

“కొత్తది కుదరదు. మనుషులు ఉన్నట్టుండాలి. ఉన్నట్టు తెలియకూడదు,” అన్నాడు.

తరవాత అద్దాల బీరువా తెరిచి నమూనా సీసా చూపించాడు. ఊళ్లో అన్ని పెట్టెలూ దేనితో పోల్చి చూస్తాయో ఆ సీసా. లోపలున్న గుడ్డని చూడగానే గుర్తుపట్టాను. నా పాత నీలం వాయిలు చీర చెంగు. నేనే చింపి వంటింట్లో వేసుకున్నాను.

మొదట్లో ఆఫీసులో అందరినీ ఇంటి నుంచి మసిగుడ్డ తెమ్మన్నారట. తేకపోతే అనుమానిస్తారని మా ఆయనా పట్టుకెళ్లాడు. నాకు చెప్పలేదు, కంగారుపడతానని. ఎవరింటి గుడ్డ చూసినా ఏదో ఒకటి పైకి తేలుతోందట. మెంతులో, ఆవపిండో, సాంబ్రాణో. మా గుడ్డలో ఏదీ తేలలేదు. శేషశాయి చూసి, ఇదీ కావలసింది, ఎవరికీ అడ్డురాని ఇల్లు అన్నాడట.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక బల్ల పట్టుకుని నవ్వాను. ఊరంతా మడి కట్టుకుని మా మాలింటితో పోటీ పడుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా భయం పట్టుకుంది. ఇది బయటపడితే మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించి ఊరుకుంటారా?

“అసలు సంగతి ఇంకా చెప్పలేదు,” అన్నాడు మా ఆయన.

సీసాలో గుడ్డ వాసన తగ్గిపోతుందట. నెలనెలా అదే ఇంటి నుంచి కొత్త గుడ్డ కావాలి. అందుకని కంపెనీ మాకొక ఫ్లాటు ఇస్తానంటోంది. అద్దెకి కాదు, మా పేరు మీద. ఒకటే షరతు. మా ఇంట్లో ఏమీ మారకూడదు. తిండి, సబ్బు, వచ్చిపోయే మనుషులు, ఏదీ. మారితే ఫ్లాటు వెనక్కి పోతుంది. వద్దంటే ఎందుకు వద్దన్నారని సారు ఆరా తీస్తాడు.

“సొంతిల్లు సులోచనా. ఈ బిడ్డ పుట్టేసరికి మనల్ని పొమ్మనేవాడు ఉండడు,” అన్నాడు. నేను కడుపు మీద చెయ్యి వేసుకుని సరేనన్నాను. సొంతిల్లన్న మాట వింటే ఎవరైనా అంతే అంటారు.

సంతకాలు శుక్రవారం. ఈలోపు బుధవారం కామేశ్వరి పిన్నిగారు వచ్చారు. గిన్నె లేకుండా ఆవిడ రావడం అదే మొదటిసారి. కాఫీ ఇస్తే తాగుతూ సంగతి చెప్పారు. ఆవిడకి రెండుసార్లు పసుపొచ్చింది. మూడోసారి మసిగుడ్డతో పరీక్ష, రేపే. అదీ పసుపైతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి వెళ్లినా బ్రోకరు ముందు ఈ పసుపే చూస్తాడు. ఇంగువ మానేశాను, పప్పు కూడా పచ్చిగా దింపేస్తున్నాను, అయినా పోవట్లేదు, నా ఒంట్లోంచి వస్తోందా ఏమిటి అని ఏడ్చారు.

“మీ ఇంటికి ఎప్పుడూ పచ్చే కదమ్మా. నీ మసిగుడ్డ ఒకటి ఇయ్యి. మీలాంటి మంచి కుటుంబం గుడ్డ అయితే నాకు భయముండదు,” అన్నారు.

ఇచ్చి ఊరుకుంటే పోయేది. లేచి వంటింట్లోకి వెళ్లి గుడ్డ తెచ్చాను కూడా. ఆ ‘మంచి కుటుంబం’ అన్న మాట దగ్గర నా నోరు ఊరుకోలేదు.

“పిన్నిగారూ, మేం మాలలం. ఇది మా ఇంటి గుడ్డ. తెలిసే తీసుకోండి,” అన్నాను.

ఆవిడ చూపు నా ముఖం మీంచి కాఫీ కప్పు మీదికి పోయింది. అప్పటికే సగం తాగేశారు. ఎంత పని చేశావే అని నన్ను నేను తిట్టుకుంటున్నాను. చివరికి ఆవిడ తలెత్తి, ఈ వయసులో నాకు ఇల్లెవరిస్తారు సులోచనా అన్నారు. చెయ్యి చాపి వేళ్ల కొసలతో గుడ్డ అందుకున్నారు. కవరు ఉందా అని అడిగారు. ప్లాస్టిక్ కవరు ఇచ్చాను. అందులో వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఆవిడ గుమ్మం మీద పచ్చ వెలిగింది. నేను తలుపు తీస్తే ఆవిడ తలుపు మూసుకున్నారు. నా రహస్యం ఆవిడ దగ్గర ఉంది, ఆవిడది నా దగ్గర ఉంది. లిఫ్టు ఆగిన ప్రతిసారీ మా కోసమే వచ్చారనుకున్నాను. మా ఆయనకి చెప్పే ధైర్యం కూడా రాలేదు.

శుక్రవారం ఇద్దరం శేషశాయి గదిలో కూచున్నాం. నెరిసిన జుట్టు, మెత్తటి మాట. నా కోసం ప్రత్యేకంగా దిండున్న కుర్చీ వేయించాడు. ఫ్లాటు బొమ్మలు చూపించాడు. తూర్పు వాకిలి, రెండు పడగ్గదులు. తరవాత కాగితం నా ముందుకు జరిపి, పుట్టబోయే బిడ్డకి కూడా ఇదే షరతు వర్తిస్తుంది అన్నాడు. చిన్నప్పటి నుంచీ అలవాటు చేస్తే కష్టం ఉండదట. గట్టిగా ఏడవకుండా, వీధిలో పిల్లల ఇళ్లలో తినకుండా, అమ్మమ్మగారి ఊరు పోకుండా.

నా బిడ్డ ఇంకా భూమ్మీద పడలేదు. అప్పుడే ఎలా ఏడవాలో రాసిపెట్టారు. ఎక్కడినుంచి వచ్చిందో కోపం. ఇంత భయం భరించింది ఆ బిడ్డ కోసమే కదా.

“సార్, మీ నమూనా ఇల్లు ఎవరిదో మీకు తెలీదు. మేం మాలలం,” అన్నాను.

మా ఆయన కుర్చీలో బిగుసుకుపోయాడు. శేషశాయి మాత్రం కలం మూత తీస్తున్నవాడు తీస్తూనే ఉన్నాడు.

“తెలుసమ్మా. మొదటి నుంచీ తెలుసు,” అన్నాడు. “ముక్క మానేసిన ఇళ్లు నాకు బోలెడు దొరికాయి. ఇంతగా భయపడుతూ బతికే ఇల్లు మీదొక్కటే దొరికింది. అలాంటివాళ్లు పక్కింట్లో ఉంటే ఎవరికి మాత్రం ఇబ్బంది?”

ఇన్నేళ్లుగా ఎవరికి తెలిస్తే చచ్చిపోతామనుకున్నానో అతనికి మొదటి రోజే తెలుసు. తెలిసి ఆ భయాన్ని సీసాలో పెట్టి ఊరంతా అమ్ముతున్నాడు. చట్టం ఉంది కదండీ అన్నాను. ఉందని ఒప్పుకున్నాడు. ఫిర్యాదు చెయ్యాలంటే ముందు మీరెవరో హక్కుల ఆఫీసులో పదిమంది ముందు చెప్పుకోవాలి, ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు, మీరు వెళ్తారా అని అడిగాడు. వెటకారంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

నేను లేచాను. గోడ పట్టుకుని గుమ్మం దాటాను. మా ఆయన వస్తాడో రాడో తెలియదు. వెనక్కి చూడాలంటే భయమేసింది. లిఫ్టు దగ్గర అతని చెప్పుల చప్పుడు వినిపించింది. పక్కనొచ్చి నిలబడ్డాడు.

దారిలో ఆటో ఆపించి చేపల బజారులో నెత్తళ్లు కొన్నాను. మా ఆయన వద్దనలేదు. ఇంటికొచ్చాక అతను కిటికీ రెక్కలు మూయబోతుంటే నేనే వద్దన్నాను. నెత్తళ్లు వేయించి, చింతకాయ తొక్కి, మిరపకాయలు చీల్చి పులుసు పెట్టాను. వెల్లుల్లి కూడా వేశాను. ఇన్నాళ్లూ పస్తున్న వంటిల్లు ఒక్కసారి ఘుమఘుమలాడిపోయింది. గుమ్మం మీద పెట్టె గాలి పీల్చుకోవడం వినిపించింది. ఒకసారి, మళ్లీ ఒకసారి, గబగబా మూడోసారి. తలుపు కింది సందులోంచి ఎర్రటి వెలుతురు లోపలికి పడింది.

రేపు పొద్దున్నే హక్కుల ఆఫీసుకి వెళ్లాలని ఇద్దరం అనుకున్నాం. అక్కడ మొదట మీరెవరని అడుగుతారు. చెప్తాను. ఆ తరవాత ఈ ఇల్లు ఉంటుందో ఊడుతుందో, ఏ వానలో ఏ రోడ్డు మీద నిలబడతామో నాకు తెలియదు. ఆ మెట్లు, ఆ బియ్యం డబ్బా కళ్లముందు ఆడుతూనే ఉన్నాయి. ఏడో నెల నిండబోతోంది.

అన్నం వడ్డించాను. మా ఆయన కంచం తెచ్చుకుని నా పక్కన నేల మీద కూచున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి ఎవరో తలుపు దబదబా కొట్టారు.

“సులోచనా, తలుపు తియ్యమ్మా. ఎర్రదీపం వెలిగింది. అసోసియేషన్ వాళ్లు పైకొస్తున్నారు, గబగబా అన్నీ కడిగేద్దాం,” కామేశ్వరి పిన్నిగారి గొంతు. భయపడుతున్నారు. నా కోసమో, తన పచ్చదీపం కోసమో తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

“తిని తీస్తానండీ,” అన్నాను.

మెట్ల మీద చాలామంది అడుగుల చప్పుడు వినిపిస్తోంది. నేను రెండో ముద్ద కలుపుకున్నాను.